జిన్ను అన్నారు, నఖ్రాలన్నారు

మా ఖాలా కాలు పడిపోయింది 1988లో. నాకప్పుడు ఎనిమిదేళ్లు. నల్గొండ జిల్లాలో చిన్న వూరు మాది. ఖాలాకు అది మూడో కాన్పు. మొదటి ఇద్దరూ ఆడపిల్లలు. ఈసారన్నా మగపిల్లాడు పుట్టాలని నానీ మొక్కని దర్గా లేదు. మళ్లీ ఆడపిల్లే పుట్టింది. ఛట్టీ అయిన మూడో రోజు, బిడ్డ ఏడుస్తుంటే మంచం దిగబోయి ఖాలా దబ్బున కింద పడింది. కుడికాలు తనది కానట్టుంది అన్నది. గిల్లితే తెలియడం లేదన్నది. మర్నాటికి గొంతు కూడా పోయింది. పెదాలు కదిలేవి, మాట వచ్చేది కాదు.

నానీ ఆమిల్‌ను పిలిపించింది. ఆయన గదిలో నాలుగు మూలలా లోబాన్ పొగ వేయించాడు. ఫలీతా వెలిగించి ఆ పొగ ఖాలా ముక్కు దగ్గర పట్టించాడు. చిల్లాలో వున్న జచ్చా సందెవేళ తల విరబోసుకుని దొడ్లోకి పోయిందట, జిన్ను పట్టిందట. పక్కింటి అవ్వ కూడా అదే అన్నది, కాకపోతే ఆమె గాలి సోకిందన్నది. వారం చూసి మా ఖాలూ అప్పు తెచ్చి పట్నం పెద్దాస్పత్రికి తీసుకుపోయాడు. అక్కడ డ్యూటీ డాక్టర్ మోకాలి మీద చిన్న సుత్తితో కొట్టాడు, అరికాలు గీశాడు, పిన్నుతో గుచ్చాడు. చుట్టూ వున్న స్టూడెంట్ల వైపు తిరిగి ఇంగ్లీషులో ఏదో అన్నాడు. వాళ్లు నవ్వారు. తర్వాత మా అమ్మీకి తెలుగులో చెప్పాడు: "ఏం లేదు. నఖ్రాలు చేస్తుంది. మీవాళ్లలో కాన్పులూ ఎక్కువే, ఈ డ్రామాలూ ఎక్కువే. ఇంటికి తీసుకుపోండి." నేను అమ్మీ బుర్ఖా అంచు పట్టుకుని అక్కడే నిలబడి వున్నా.

గొంతు పదిహేను రోజులకు వచ్చింది. కాలు రావడానికి ఏడాది పట్టింది. అదీ పూర్తిగా రాలేదు. ఆ తర్వాత ముప్పై ఏళ్లు మా ఇళ్లల్లో ఎవరన్నా ఆడమనిషి వొంట్లో బాగాలేదని పడుకుంటే "ఏం, ఖాలా కాలా?" అనడం అలవాటయింది. అందరం నవ్వేవాళ్లం. నేనూ నవ్వాను.

ఆమిల్, డాక్టర్ వొకరికొకరు బద్ధ విరోధులని మనం అనుకుంటాం. వొకాయన పాతకాలం, ఇంకొకాయన కొత్తకాలం. వొకాయన మతం, ఇంకొకాయన సైన్సు. మా ఖాలా మంచం దగ్గర మాత్రం ఇద్దరూ వొకే పని చేశారు. "నా కాలు కదలడం లేదు" అని ఆమె చెప్పిన మాటను ఇద్దరూ వినలేదు. మాట్లాడుతున్నది నువ్వు కాదు, జిన్ను అన్నాడు వొకరు. మాట్లాడుతున్నది అబద్ధం అన్నాడు రెండోవారు. ఈ రెండు తీర్పులకూ చాలా పొడుగు చరిత్ర వుంది. ముస్లింగా పుట్టి, ఆడదానిగా పుట్టి, ఉర్దూలో ఏడ్చి తెలుగులో రాసుకునే నాకు ఆ చరిత్ర తెలుసుకోక తప్పలేదు.

మొదట మన ఇంటి నుంచే మొదలుపెడతాను. 1832లో లండన్‌లో 'కానూనె ఇస్లాం' అనే పుస్తకం అచ్చయింది. దక్కన్ ముస్లింల ఆచారాల గురించి రాసిన పెద్ద పుస్తకం అది. రాసింది జాఫర్ షరీఫ్. ఏలూరు మనిషి. ఇంగ్లీషు చేసింది హెర్‌క్లాట్స్ అనే డాక్టర్. కడుపుతో వున్న నాటి నుంచి ఛట్టీ, చిల్లా దాకా జరిగే తంతులన్నీ అందులో వున్నాయి. తావీజులు, ఫలీతాలు, పట్టిన జిన్నును దించే పద్ధతులూ వున్నాయి. దాదాపు రెండు వందల ఏళ్ల కిందటి ఆ పుస్తకం చదువుతుంటే మా నానీ ఇల్లు చూసినట్టే వుంటుంది. జచ్చా తలగడ కింద చాకు. గడప దాటకూడదు. వొంటరిగా వుండకూడదు. నలభై రోజులు ఆమె ఈ లోకానికీ ఆ లోకానికీ మధ్య వున్నట్టు.

ఈ భయాన్ని మూఢనమ్మకం అని వొక్కమాటలో కొట్టిపారేయడం తేలిక. మా సెక్యులర్ మిత్రులు చాలామంది అదే చేస్తారు. కానీ ఆ రోజుల్లో బాలింతలు నిజంగానే చచ్చిపోయేవాళ్లు. నిన్న బాగున్న పిల్ల ఈరోజు కళ్లు తేలేసి, పళ్లు గిట్టకరిచి, కాళ్లూ చేతులూ కొట్టుకుని పోయేది. తెలుగు వూళ్లలో దాన్ని గుర్రపువాతం అన్నారు. డాక్టర్లు ఎక్లాంప్సియా అన్నారు. కారణం తెలియని చావుకు మనుషులు వొక పేరు పెట్టుకున్నారు. యునానీ వైద్యంలో చిన్నపిల్లల మూర్ఛకు 'ఉమ్ముస్ సిబియాన్' అని పేరు. జనం నోట్లో అదే పేరు పిల్లల్నీ బాలింతల్నీ పట్టే వొక ఆడ జిన్నుది. హకీం పుస్తకంలో రోగం, దాదీ నోట్లో జిన్ను. రెండూ వొకే పేరుతో వొకే ఇంట్లో కాపురం చేశాయి.

మరి మన హకీములు ఏమన్నారు? ఇక్కడ హైదరాబాద్ గురించి వొక మాట చెప్పాలి. పదో శతాబ్దపు మహావైద్యుడు అల్ రాజీ రాసుకున్న 'అల్ హావీ' అనే మహాగ్రంథాన్ని అరబ్బీలో 1955 నుంచి 23 సంపుటాలుగా అచ్చువేసింది మన హైదరాబాద్‌లోని దాయిరతుల్ మఆరిఫ్ సంస్థ. బాగ్దాద్ నుంచి వచ్చిన ఆ విద్యకు మనం వారసులం. గర్వంగానే చెబుతాను. అయితే వారసత్వంలో ఆస్తితోపాటు అప్పులూ వస్తాయి.

ఇబ్నె సీనా 1037లో చనిపోయాడు. ఆయన 'కానూన్'లో ఇఖ్తినాకుర్ రహిం అనే జబ్బు వుంది. గర్భాశయం వల్ల వూపిరి ఆడకపోవడం అని ఆ మాటకు అర్థం. మూర్ఛలాగా వుంటుంది, స్పృహ తప్పడంలాగా వుంటుంది, కానీ ఆ రెండూ కాదు అంటాడు. దీని వేర్లు గ్రీకులవి. గర్భాశయం పిల్లల కోసం ఆకలిగొన్న జంతువులాంటిదనీ, ఆకలి తీరకపోతే వొళ్లంతా తిరిగి దారులు మూసేస్తుందనీ ప్లేటో రాసిన 'టిమాయస్'లో వుంది. రెండో శతాబ్దంలో రోములో వైద్యం చేసిన సొరేనస్, గర్భాశయం జంతువేమీ కాదు, ఎక్కడికీ తిరగదు అని చెప్పాడు. గేలెన్ కూడా తిరుగుడు సంగతి వొప్పుకోలేదు. అయినా నింద మాత్రం గర్భాశయం మీదే నిలిచిపోయింది. పెళ్లి చేస్తే పోతుంది, కాన్పు అయితే పోతుంది అన్నారు. అదే నిజమైతే కాన్పు అయ్యాకే కాలు పడిపోయిన మా ఖాలా సంగతేమిటి? మూడు కాన్పుల గర్భాశయానికి ఇంకా ఏం ఆకలి వుంది? గర్భాశయాన్ని గ్రీకులో హిస్టెరా అంటారు. యూరప్‌వాళ్లు తర్వాత పెట్టుకున్న హిస్టీరియా అనే పేరు అందులోంచే వచ్చింది. మన సినిమాల్లోనూ వార్డుల్లోనూ ఇప్పటికీ తిట్టులాగా వాడుతున్న మాట అది.

బాగ్దాద్ కథ వొకటి చెబుతాను. పదమూడో శతాబ్దంలో ఇబ్నె అబీ ఉసైబియా రాసిన వైద్యుల చరిత్రలో వుంది. ఖలీఫా హారూన్ రషీద్ దగ్గర వున్న వొక జారియా వొళ్లు విరుచుకోడానికి చెయ్యెత్తింది. చెయ్యి అలాగే బిగుసుకుపోయింది. దిగలేదు. నూనెలు, మర్దనాలు అన్నీ అయ్యాయి. ఆస్థాన వైద్యుడు జిబ్రాయీల్ బిన్ బుఖ్తీషూని పిలిచారు. ఆయన క్రైస్తవుడు. నేను చేసేదానికి కోప్పడనని మాటివ్వమని ఖలీఫాను అడిగాడు. అందరి ముందూ ఆ పిల్లను పిలిపించి, గబగబా పోయి వంగి, ఆమె బట్ట అంచు పైకి లేపబోయినట్టు చేశాడు. సిగ్గుతో, భయంతో ఆ పిల్ల చటుక్కున చెయ్యి దించి బట్ట పట్టుకుంది. చెయ్యి వచ్చేసింది. ఖలీఫా సంతోషించి వైద్యుడికి ధనం ఇచ్చాడు.

చిన్నప్పుడు ఈ కథ మా అబ్బా నోట విన్నాను. వైద్యుడి తెలివికి అందరం ముచ్చటపడ్డాం. నలభై ఏళ్లు దాటాక మళ్లీ చదివితే నాకు రెండు సంగతులు కనబడ్డాయి. మొదటిది, జిబ్రాయీల్ చాలా గొప్ప నిజం కనిపెట్టాడు. ధ్యాస మళ్లినప్పుడు ఆ చెయ్యి కదులుతుంది. అంటే నరం తెగలేదు, ఎముక విరగలేదు. రెండోది, ఆ నిజాన్ని ఆయన సిగ్గు అనే ఆయుధంతో బయటికి లాగాడు. నిండు సభలో వొక బానిస పిల్ల మానం మీద పరీక్ష జరిగింది. బహుమతి వైద్యుడికి దక్కింది. ఆ పిల్ల పేరు కూడా చరిత్ర రాసుకోలేదు. వైద్యం చేసినవాళ్ల పేర్లే మిగిలాయి. సిగ్గు మాత్రం ఆడవాళ్లకు మిగిలింది.

ఇది మన బాగ్దాద్ తప్పేనని ఎవరూ వేలు చూపనక్కర్లేదు. యూరప్‌లో అంతకన్నా ఎక్కువే జరిగింది. 1602లో లండన్‌లో మేరీ గ్లోవర్ అనే పద్నాలుగేళ్ల పిల్లకు మాట పోయేది, వొళ్లు బిగుసుకుపోయేది. పొరుగున వుండే ఎలిజబెత్ జాక్సన్ అనే ముసలామె చేతబడి చేసిందని కేసు పెట్టారు. ఎడ్వర్డ్ జోర్డెన్ అనే డాక్టర్ కోర్టుకు వచ్చి ఇది దయ్యం కాదు, గర్భాశయం నుంచి పుట్టే సహజమైన జబ్బు అని సాక్ష్యం చెప్పాడు. జడ్జి వినలేదు. ముసలామెకు జైలు పడింది. మరుసటి ఏడాది, 1603లో, జోర్డెన్ తన వాదనను పుస్తకంగా అచ్చువేశాడు. వొక ఆడదాన్ని మంత్రగత్తె నేరం నుంచి తప్పించడానికి ఇంకొక ఆడదాని గర్భాశయం మీద నేరం మోపక తప్పలేదు ఆయనకు. దయ్యం నుంచి రోగం వైపు నడిచిన దారి అది. ముందడుగే. కానీ ఆడవాళ్లకు పూర్తి న్యాయం మాత్రం కాదు.

తర్వాత పారిస్. సాల్పెట్రియేర్ ఆస్పత్రిలో షార్కో అనే మహాడాక్టర్ వేలమంది పేద ఆడవాళ్ల మధ్య పనిచేశాడు. వీళ్లు అబద్ధం ఆడడం లేదు, ఇది నరాల వ్యవస్థకు సంబంధించిన నిజమైన జబ్బు అని గట్టిగా చెప్పాడు. మగవాళ్లకూ వస్తుందని చూపించాడు. ఆ రుణం మరచిపోకూడదు. కానీ ఆ ఆడవాళ్లను జనం ముందు నిలబెట్టి పాఠాలు చెప్పాడు. 1876 నుంచి 1880 వరకు వాళ్ల ఫోటోల సంపుటాలు అచ్చయ్యాయి. మళ్లీ అదే సభ, అదే చూపు.

బాలింతల సంగతికి వస్తే అసలైన కాగితం వియన్నాలో దొరుకుతుంది. 1892 డిసెంబరులో వొక పత్రికలో ఫ్రాయిడ్ తన తొలినాళ్ల వ్యాసం వొకటి రాశాడు. వొక యువతికి మొదటి కాన్పు అయింది. పాలు ఇద్దామని ఎంతో కోరిక. కానీ బిడ్డను పట్టుకుంటే నొప్పి, తిండి సయించదు, నిద్ర లేదు. రెండు వారాలకు దాదిని పెట్టుకున్నారు. మూడేళ్లకు రెండో కాన్పు. మళ్లీ అదే. తిన్నదంతా వాంతి. నాలుగో రోజు ఫ్రాయిడ్‌ను పిలిచారు. ఆయన హిప్నటైజ్ చేసి, నువ్వు తింటావు, పాలిస్తావు అని చెప్పాడు. సగమే పనిచేసింది. మర్నాడు రెండోసారి కూర్చోబెట్టి ఇంకొక మాట చెప్పాడు. నేను వెళ్లిన అయిదు నిమిషాలకు నువ్వు ఇంట్లోవాళ్ల మీద గట్టిగా కేకలేస్తావు, నా అన్నం ఏది, నన్ను మాడ్చి చంపుతారా, నేను తినకుండా బిడ్డకు పాలెట్లా వస్తాయి అని అడుగుతావు అన్నాడు. అలాగే జరిగింది. ఎప్పుడూ పల్లెత్తుమాట అనని ఆ అమ్మాయి కన్నతల్లి మీద కేకలేసింది. ఆ తర్వాత ఎనిమిది నెలలు బిడ్డకు పాలిచ్చింది. మూడో కాన్పుకూ అలాగే వచ్చింది, అలాగే తగ్గింది. నా గట్టి పట్టుదల చేయలేని పనిని హిప్నాటిజం చేసిందని సిగ్గుపడ్డానని తర్వాత ఆమె చెప్పుకుంది. అక్కడ కూడా సిగ్గే.

ఇది చదివినప్పుడు నాకు మా వూరి జిన్నులు గుర్తొచ్చాయి. జిన్ను పట్టిన బాలింత ఏమడుగుతుంది? కోడికూర అడుగుతుంది. కొత్త చీర అడుగుతుంది. అత్తను తిడుతుంది. మొగుడి గల్లా పట్టుకుంటుంది. మామూలప్పుడు అడిగితే దెబ్బలు పడే మాటలు జిన్ను అడిగితే చెల్లుతాయి. ఆఫ్రికాలో సూడాన్, ఇథియోపియా దేశాల్లో ఆడవాళ్లను పట్టే 'జార్' దయ్యాల గురించి మానవశాస్త్రవేత్త లూయిస్ 1971లో రాసిన పుస్తకంలో ఇదే వాదన చేశాడు. నోరులేనివాళ్లు దయ్యం నోటితో ఫిర్యాదు చేస్తారని. వియన్నాలో ఆ నోరు డాక్టర్ ఇచ్చాడు. మా వూళ్లో జిన్ను ఇచ్చింది.

అయితే ఇక్కడొక జాగ్రత్త చెప్పాలి. ప్రతి పడిపోయిన కాలు వెనకా అత్తమీద కోపమో, ఆడపిల్ల పుట్టిన దుఃఖమో వుంటుందనుకోవడం కూడా వొక తీర్పే. మా ఖాలా విషయంలో నేను చాలా ఏళ్లు అలాగే అనుకున్నాను. మూడో ఆడపిల్ల కదా, అందుకే అని. ఖాలాను అడిగితే "మై తో ఖుష్ థీ" అన్నది. నేను సంతోషంగానే వున్నాను, బిడ్డ ముఖం చూసి మురిసిపోయాను అన్నది. స్త్రీవాదం చదువుకున్న నేను కూడా ఆమె మాట వినకుండా నా తీర్పు చెప్పేశానన్నమాట. నాకూ ఆమిల్‌కూ తేడా ఏముంది?

ఇక ఆ డాక్టర్ అన్న "మీవాళ్లలో" అనే మాట. దాని చరిత్ర కూడా వుంది. 1952లో ఫ్రాంజ్ ఫానన్ 'ఉత్తరాఫ్రికా సిండ్రోమ్' అని వొక వ్యాసం రాశాడు. ఫ్రాన్సుకు కూలి కోసం వచ్చిన అరబ్బు ముస్లింలు నొప్పి అని ఆస్పత్రికి వస్తే, చూపించడానికి గాయం లేకపోయేసరికి వీళ్లు సోమరులు, అబద్ధాలకోర్లు అని డాక్టర్లు ముందే అనేసుకునేవాళ్లని ఆ వ్యాసం. రోగి గుమ్మంలో అడుగుపెట్టకముందే రోగనిర్ణయం అయిపోయేది. జర్మనీలో టర్కీ కూలీల నొప్పులకు అక్కడి డాక్టర్లు వెటకారంగా 'మోర్బస్ బోస్ఫరస్' అని పేరు పెట్టుకున్నారు. అంటే బోస్ఫరస్ రోగం. బుర్ఖా చూసి కాన్పులెన్నని లెక్కపెట్టే మన వార్డుకూ లియాన్ వార్డుకూ ఎంత దూరం? పేదదై, ఆడదై, ముస్లిమై, పైగా తెలుగు సరిగా రానిదైతే ఆమె నొప్పి నాలుగుసార్లు అనుమానం పాలవుతుంది. దళిత స్త్రీకీ, లంబాడా స్త్రీకీ ఇదే అనుభవం. ఇది మా వొక్కరి గోడు కాదు.

ఈ అనుమానం అవమానంతో ఆగితే మేము ఎప్పట్లాగే వోర్చుకునేవాళ్లమేమో. కానీ అది ప్రాణాలు తీస్తుంది. కాన్పు తర్వాత మూర్ఛ వచ్చినా, కాలో చెయ్యో పడిపోయినా, చూపు మసకబారినా, తలనొప్పి రోజురోజుకూ పెరిగినా అది ఎక్లాంప్సియా కావచ్చు. మెదడులోని సిరల్లో రక్తం గడ్డకట్టడం కావచ్చు. ఈ రెండోది మనదేశంలో బాలింతల్లో కనబడుతుందని మన డాక్టర్లు ఎన్నో దశాబ్దాలుగా రాస్తున్నారు. బాలింతకు నీళ్లు ఇస్తే వాతం చేస్తుందని మన ఇళ్లల్లో గొంతు తడుపుకోనివ్వరు. అలా వొంట్లో నీరు తగ్గడం రక్తం గడ్డకట్టడానికి దోహదం చేస్తుందని వాళ్లు హెచ్చరిస్తున్నారు. ఎక్లాంప్సియా మూర్ఛలకు మెగ్నీషియం సల్ఫేట్ అన్నిటికన్నా మేలైన మందు అని 1995లో 1,687 మంది స్త్రీలపై జరిగిన పరీక్ష తేల్చింది. మనదేశపు స్త్రీలూ అందులో వున్నారు. చవకైన మందు అది. సిర గడ్డకట్టినదానికి హెపారిన్ ఇస్తే మేలని 1991లో జర్మన్ డాక్టర్లు చూపించారు. ఈ మందులు అందాల్సిన గంటల్లో ఫలీతా పొగ పెట్టినా, నఖ్రాలని ఇంటికి పంపినా ఫలితం వొక్కటే. జనాజా.

ఇంగ్లండ్‌లో ఎలియట్ స్లేటర్ అనే సైకియాట్రిస్టు హిస్టీరియా అని ముద్రవేసిన 85 మందిని ఏళ్ల తర్వాత వెతికి చూశాడు. చాలామందిలో వేరే జబ్బులు బయటపడ్డాయి. కొందరు చనిపోయారు. హిస్టీరియా అనే మాట డాక్టర్ అజ్ఞానానికి కప్పిన ముసుగు అనే అర్థంలో ఆయన 1965లో రాశాడు. తర్వాత పరీక్షలు మెరుగయ్యాయి. 1950ల్లో అలాంటి పొరపాట్లు నూటికి 29 దాకా వుంటే 1970ల తర్వాత 4కు తగ్గాయని 2005లో వచ్చిన వొక సమీక్ష లెక్క చెప్పింది. అంటే సరిగా పరీక్ష చేస్తే తేడా తెలుస్తుంది. చేయకుండా నవ్వితే తెలియదు.

ఆ పరీక్ష వొకటి నేను కళ్లారా చూశాను. 1988లో పుట్టిన ఆ మూడో ఆడపిల్లకు 2019లో హైదరాబాద్‌లో సిజేరియన్ అయింది. నడుముకు ఇచ్చిన మత్తు దిగింది కానీ ఎడమకాలు రాలేదు. మా ఇంట్లో అందరి ముఖాలూ పాలిపోయాయి. ఎవరూ పైకి అనకపోయినా "ఖాలా కాలు" అనే మాట గదిలో తిరుగుతూనే వుంది. స్కానింగులు తీశారు. గడ్డ లేదు, వాపు లేదు, నరం నొక్కుకోలేదు. అప్పుడు నరాల డాక్టరమ్మ వచ్చి మంచం మీద పడుకోబెట్టి, పడిపోయిన కాలి మడమ కింద తన అరచెయ్యి పెట్టింది. మడమను కిందికి నొక్కమన్నది. బలం లేదు. తర్వాత బాగున్న కాలిని పైకెత్తమన్నది, ఎత్తకుండా తాను ఆపుతూ. బాగున్న కాలు ఎత్తుతుంటే పడిపోయిన కాలి మడమ తనంతట తానే డాక్టరమ్మ అరచేతిని గట్టిగా నొక్కింది.

1908లో హూవర్ అనే అమెరికా డాక్టర్ రాసిన గుర్తు అది. బాగ్దాద్‌లో జిబ్రాయీల్ చూసిన నిజమే. ధ్యాస మళ్లితే కాలు పనిచేస్తుంది. చాలా ఏళ్లు డాక్టర్లు ఈ గుర్తును దొంగను పట్టుకున్నట్టు వాడుకున్నారు. ఈ డాక్టరమ్మ అలా చేయలేదు. మా చెల్లి చెయ్యి తీసుకుని ఆ మడమ కింద పెట్టి మళ్లీ చేయించింది. "చూడమ్మా, నీ కాలికి బలం వుంది. దారి పాడవలేదు. నువ్వు కావాలని కదపబోయినప్పుడు మెదడు పంపే హుకుం మధ్యలో చిక్కుకుంటున్నది. నువ్వు చేస్తున్నది కాదిది, నీకు జరుగుతున్నది. మళ్లీ నేర్పిస్తే వస్తుంది" అన్నది. ఈ జబ్బుకు ఇప్పటి పేరు ఫంక్షనల్ న్యూరలాజికల్ డిజార్డర్. హిస్టీరియా అనే పేరును అమెరికా సైకియాట్రిస్టుల గ్రంథం 1980లోనే జబ్బుల జాబితాలోంచి తీసేసింది. దీనికి మనసులో ఏదో కారణం చూపించి తీరాలన్న షరతును 2013లో తీసేసింది. గాయం, నొప్పి, మత్తుమందు, వేరే జబ్బు, భయం, దుఃఖం, వీటిలో ఏదైనా దీనికి దారితీయవచ్చు. పైకి ఏ కారణమూ కనబడకపోనూవచ్చు. మందుబిళ్లకన్నా ముందు కావాల్సింది సరైన మాట. తర్వాత కదలికను తిరిగి నేర్పించే ఫిజియోథెరపీ. అవసరమైతే మనసుకు వైద్యం. అందరికీ పూర్తిగా తగ్గదు. మా చెల్లి ఆరు వారాలకు నడిచింది. మెట్లు దిగేటప్పుడు ఇప్పటికీ గోడ పట్టుకుంటుంది.

ఆ రోజు గదిలో ఖాలా వొక మూల స్టూలు మీద కూర్చుని వుంది. డాక్టరమ్మ వెళ్లిపోయాక చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత నా వైపు తిరిగి అడిగింది. "తో మై ఝూట్ నై బోలీ నా, బేటీ?" అంటే నేను అబద్ధం ఆడలేదన్నమాటేగా అని. ముప్పై వొక్క ఏళ్లు ఆమె ఆ అనుమానంతో బతికింది. తాను అబద్ధం ఆడానేమో అని తనకే అనుమానం.

మావాళ్లతో రెండు మాటలు. 1932లో 'అంగారే' సంకలనంలో రషీద్ జహాన్ పరదా వెనక వరస కాన్పులతో నలిగిపోయిన వొక బేగం గురించి నాటిక రాసింది. ఆమె స్వయంగా డాక్టర్. మరుసటి ఏడాది ఆ పుస్తకాన్ని నిషేధించారు. నిషేధించమని అరిచినవాళ్లలో మన పెద్దలూ వున్నారు. అప్పట్నుంచి మన ఆడవాళ్ల వొంటి గురించి మాట్లాడితే కౌమ్ పరువు పోతుందనే భయం మనల్ని వదల్లేదు. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఎర్వాడిలో, దర్గా చుట్టూ వెలిసిన వొక ప్రైవేటు షెడ్డుకు నిప్పంటుకుని, గొలుసులతో కట్టేసిన 28 మంది రోగులు చనిపోయారు. పరువు అంటే అది కదా పోవాల్సింది. 2017 చట్టం గొలుసులు వేయడాన్ని నిషేధించింది. దర్గాకు పోవద్దని నేననను. అక్కడ ఏడవడానికి చోటు దొరుకుతుంది, అది చిన్న సంగతి కాదు. గుజరాత్‌లోని మీరా దాతార్ దర్గాలో 2008 నుంచి 'దవా-దువా' పేరుతో ముజావర్లూ డాక్టర్లూ కలిసి పనిచేశారు. ఆ పని మన వూరి దర్గాలో ఎందుకు జరగకూడదు? ఆమిల్ దగ్గరికి వచ్చిన ప్రతి జచ్చానూ ముందు ఆస్పత్రికి పంపమని మన మౌల్వీలు జుమ్మా రోజు వొక్క మాట చెబితే ఎన్ని ప్రాణాలు నిలబడతాయి?

సెక్యులర్ మిత్రులతో వొక మాట. జిన్నును చూసి నవ్వడం ఆపనక్కర్లేదు. దానితోపాటు వార్డులో పుట్టిన ఆ నవ్వును కూడా కొంచెం పరీక్ష చేసుకోండి. తెల్లకోటు వేసుకున్నంత మాత్రాన ప్రతి మాటా సైన్సు అయిపోదు.

బాలింత కాలు పడిపోయిందంటే, గొంతు పోయిందంటే, మూర్ఛ వచ్చిందంటే ముందు ఆమె చెప్పింది నమ్మండి. ఆ గంటలోనే ఆస్పత్రికి తీసుకుపోండి. పరీక్షలన్నీ చేసి ఏ గడ్డా లేదని డాక్టర్ చెబితే, అయితే ఇది ఏ జబ్బు, ఎలా తగ్గుతుంది అని మళ్లీ అడగండి. ఏం లేదు అనే జవాబు వినడానికి మేం వప్పుకోం. మా ఖాలాకు ఏదో వుండింది. దాని పేరు ఆమెకు ముప్పై వొక్క ఏళ్లు ఆలస్యంగా తెలిసింది.